గడియారాల కొండల్లో పైలట్ వాచీ

మా నాన్నగారు ముప్ఫై రెండేళ్ళు రైల్వేలో ఉద్యోగం చేసి, తునికి ఇవతల ఒక చిన్న స్టేషనులో మాస్టరుగా ఉండగా రిటైరయారు. జన్మలో విమానం ఎక్కలేదు. ఎక్కాలని ఉబలాటపడినట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. అయినా ఆయన ఎడమచేతికి ఏళ్ళ తరబడి ఉన్నది "పైలట్" వాచీ. హెచ్.ఎం.టి. వారిది. నల్లని ముఖం, తెల్లని అంకెలు, రోజూ కీ ఇచ్చుకోవలసిన రకం. 1978లో, మిలటరీలో ఉన్న మా పెదనాన్నగారి అల్లుడు క్యాంటీనులో కొని తెచ్చి ఇచ్చాడట. ఆ రోజుల్లో హెచ్.ఎం.టి. వాచీ దొరకడమంటే గ్యాసు కనెక్షను దొరికినంత పని. రైల్వే భాషలో పైలట్ అంటే స్పెషల్ రైలుకు ముందు దారి చూసుకుంటూ పోయే ఇంజను. అంచేత స్టేషనులో వాళ్ళంతా నాన్నగారిని చూసి, "మాస్టారి పైలట్ వచ్చేసింది, ఇక వెనకాల బండి రావడమే తరువాయి" అని హాస్యాలాడేవారు.

నేను కాలేజీలో చేరిన కొత్తలో, ఆ వయసుకు సహజమైన వెటకారంతో, "నాన్నగారూ, మీరు విమానం ఎప్పుడు నడిపారు?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "నేను నడపలేదురా. అదిసరే, విమానం నడిపేవాడికి వేరే వాచీ ఎందుకు కావలసివచ్చిందో నువ్వు చెప్పు. టైము ఎవరికైనా టైమే గదా!" అన్నారు. నాకు తెలియదు. నవ్వేసి లేచిపోయాను. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. క్రితం ఏడు ఆయన పోయాక, పన్నెండో రోజు సాయంత్రం మా అమ్మ ఆ వాచీ తెచ్చి నా చేతిలో పెట్టి, "కీ ఇవ్వడం మానకు. ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉండకూడదు" అంది. అంతకుముందే, 2016లోనే, హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు ప్రభుత్వం నిర్ణయం చేసేసింది. తల్లి చెట్టు పోయిన పండులా ఉంది నా చేతిలో ఆ వాచీ.

ఈ వేసవి సెలవులలో మా చెల్లెలు రమ్మని పట్టుపట్టింది. మా బావగారికి ఉద్యోగం స్విట్జర్లాండులోని నొషాతెల్ అనే ఊళ్ళో. పారిస్ దాకా విమానం, అక్కడ రెండు రోజుల మకాం, ఆ పైన రైలు. మా ఆవిడ ఈఫిల్ టవరు, దుకాణాలు జాబితా రాసుకుంది. నేను మాత్రం నాన్నగారి ప్రశ్న ఒక్కటే పట్టుకుని బయలుదేరాను.

పారిస్‌లో "ఆర్ట్స్ ఏ మెతియే" అని ఒక మ్యూజియం ఉంది. యంత్రాలకూ పనిముట్లకూ అదొక దేవాలయం. ఈ మాట అలంకారానికి అనడం లేదు, అందులో ఒక భాగం నిజంగానే పాతకాలపు చర్చి. పూర్వం సన్యాసులు ప్రార్థనలు చేసిన ఆ ఎత్తయిన కప్పు కింద, తీగలతో వేలాడగట్టిన ఓ విమానం ఉంది. సన్నని కర్రలు, గుడ్డ తొడిగిన రెక్కలు, సైకిలు చక్రాల వంటి చక్రాలు. మన పిల్లలు సంక్రాంతికి ఎగరవేసే గాలిపటానికి ఇంజను తగిలించినట్టుంటుంది. 1909 జూలై 25వ తేదీ తెల్లవారుజామున లూయీ బ్లెరియో అనే ఫ్రెంచివాడు సముద్రం దాటింది ఈ విమానంలోనే. కలే దగ్గర లేచి, ఇంగ్లండులో డోవర్ దగ్గర దిగాడు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు నిమిషాల ప్రయాణం. ఇంజను శక్తి 25 గుర్రాలది. దిక్సూచి లేదు. మధ్యలో కొంతసేపు మంచులో చిక్కి, ముందుగాని వెనకగాని ఒడ్డు కనిపించలేదు. అప్పుడు ఆయనకు తోడుగా ఉన్నది చేతికి కట్టుకున్న గడియారం. ల లోక్ల్ అనే స్విస్ పట్నంలో జెనిత్ కంపెనీ చేసింది. ఎంతసేపు ఎగిరానో తెలిస్తే ఎంత దూరం వచ్చానో లెక్క కట్టుకోవచ్చు. ఒడ్డు కనిపించనివాడికి నిమిషాలే మైలురాళ్ళు.

నాన్నగారి ప్రశ్నకు సగం జవాబు ఆ చర్చి కప్పు కిందే దొరికింది. మిగతా సగానికి చాలా దూరం తిరగవలసివచ్చింది.

అయితే చేతికి గడియారం కట్టుకోవడమనే ఆలోచన బ్లెరియోది కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు సంగతి. సాంతోస్ దుమోఁ అని బ్రెజిల్ దేశపు కాఫీ తోటల ఆసామీ కొడుకు, బక్కపలచని చిన్న మనిషి, పారిస్‌లో కాపురముండి గాలి ఓడలు కట్టేవాడు. 1901 అక్టోబరు 19న సాఁ క్లూ దగ్గర లేచి, ఈఫిల్ టవరు చుట్టూ తిరిగి, ముప్ఫై నిమిషాలలో తిరిగి రావాలని పందెం. పదకొండు కిలోమీటర్లు. గడువులోపల గీత దాటాడు గాని, గాలి ఓడ తాడు కిందివాళ్ళు పట్టుకునేసరికి గడువు మించింది. దాటినప్పుడు లెక్కా, తాడు పట్టినప్పుడు లెక్కా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. జనం అతని పక్షం. చివరికి బహుమతి ఇచ్చారు. ఆయన అందులో పెద్ద భాగం పారిస్ పేదలకూ, తన పనివాళ్ళకూ పంచిపెట్టేశాడు. తమాషా ఏమిటంటే, పైన ఉన్నంతసేపూ తాను గెలుస్తున్నదీ ఓడుతున్నదీ అతనికే తెలియదు. రెండు చేతులూ యంత్రం మీద ఉంటే జేబులోంచి గడియారం తీసేదెలా?

ఈ ఇబ్బంది తన స్నేహితుడు, నగల వర్తకుడు లూయీ కార్తియేతో చెప్పుకున్నాడనీ, ఆయన 1904లో చేతికి కట్టుకునే వాచీ ఒకటి చేయించి ఇచ్చాడనీ చెబుతారు. చదరపు ముఖం, రోమను అంకెలు, చుట్టూ బయటికి కనిపించే మరమేకులు. యంత్రాన్ని దాచకుండా మేకులతో సహా చూపించడం ఆ కాలపు నగల వర్తకుడికి సాహసమే. 1911 నుంచి అదే వాచీని దుకాణంలో అమ్మకానికి పెట్టారు. అప్పటివరకు చేతి గడియారమంటే ఆడవారి గాజుల జతలో ఒకటి. మగవాడు కట్టుకుంటే నవ్వేవారు. యుద్ధరంగంలో కొందరు సిపాయిలు జేబు గడియారాన్ని తోలు పట్టీతో మణికట్టుకు బిగించుకున్నా, అది అవసరానికి చేసినదే గాని ముచ్చటకు కాదు. ఈ బ్రెజిల్ చిన్నవాడిని పారిస్ అంతా అనుకరించేది. అతని టోపీ, అతని కాలరు, చివరకు అతని వాచీ కూడా. మగవాళ్ళ చేతికి వాచీ రావడంలో అతని పాలు చాలా ఉంది.

పారిస్ నుంచి నొషాతెల్ వచ్చాం. సరస్సు ఒడ్డున అందమైన ఊరు. మా చెల్లెలు పెసరట్లు పోసి పెట్టింది. మర్నాడు నేను, బావగారు కలిసి కొండమీది లా షో ద ఫోఁ పట్నానికి రైలెక్కాం. స్టేషను మాస్టరు కొడుకును గనక ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. మధ్యలో షాంబ్రెలియాఁ అనే స్టేషనులో రైలు ఆగి, వచ్చిన ముఖాన కాకుండా వెనక్కి బయలుదేరుతుంది. కొండ నిటారుగా ఉండడంచేత పట్టాలను మెలికగా వేశారు. అంతవరకు ముందు చూపుతో కూచున్నవాళ్ళం అక్కడినుంచి వెనకచూపుతో కొండెక్కుతాం. నాన్నగారు చూసి ఉంటే దిగి, ఆ స్టేషను మాస్టరును పలకరించకుండా కదిలేవారు కారు.

లా షో ద ఫోఁ వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. శీతాకాలంలో మంచు దట్టంగా పడుతుంది. పూర్వం అక్కడి రైతులు చలికాలమంతా పొలం పని లేక ఇంట్లో కూచుని గడియారాల ముక్కలు చేసేవారు. 1794లో ఊరు తగలబడిపోతే, కొత్తగా గీతలు గీసినట్టు తిన్నని వీధులతో తిరిగి కట్టారు. ఇళ్ళన్నీ ఒకే వైపు ముఖం పెట్టి, కిటికీలు వరుసలు తీరి ఉంటాయి. చూపుకు చాలినంత ఎండవెలుగు ప్రతి పనివాడి బల్లమీదా పడాలి మరి. ఒకడు పళ్ళచక్రం, ఒకడు ముల్లు, ఒకడు కేసు మీది చెక్కడం, ఇలా ఇంటింటికీ ఒక పని. ఊరు ఊరంతా ఒకే కార్ఖానా అన్నట్టుండేదని కార్ల్ మార్క్సు తన "పెట్టుబడి" గ్రంథంలో ప్రస్తావించాడు. భవన నిర్మాణంలో జగత్ప్రసిద్ధుడైన ల కార్బూసియే పుట్టింది ఈ ఊళ్ళోనే, 1887లో. చిన్నప్పుడు గడియారం కేసులమీద చెక్కడం నేర్చుకున్నాడట. 2009లో ఈ ఊరినీ, పక్కనున్న ల లోక్ల్‌నూ కలిపి యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

అక్కడి గడియారాల మ్యూజియం భూమిలోపల కట్టారు. లోనికి దిగుతూంటే వేల గడియారాల సందడి మెల్లగా కమ్ముకుంటుంది. ఆ రాశినంతా వర్ణిస్తే సంపాదకులు ఊరుకోరు. ఇంటికి పోయే లోపల ఇంకో స్టేషనుకు పోవాలి గనక నేనూ ఎక్కువసేపు ఆగలేదు. అక్కడినుంచి సాఁతిమియే ఇరవై నిమిషాల లోపు ప్రయాణం. ఆ లోయలో లాంజీన్ కంపెనీ. లాంజీన్ అంటే ఆ నేలకున్న పాత పేరు, పొడుగాటి పచ్చిక బీళ్ళని అర్థం. నాన్నగారి ప్రశ్నకు మిగిలిన సగం అక్కడి మ్యూజియంలో, గాజు అరలో, అరచేతి వెడల్పులో ఉంది. లిండ్‌బర్గ్ అవర్ యాంగిల్ వాచీ.

చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు విననివారుండరు. 1927 మే నెల 20, 21 తేదీలలో ఒంటరిగా న్యూయార్కు నుంచి పారిస్‌కు ముప్ఫై మూడున్నర గంటలలో అట్లాంటిక్ సముద్రం దాటాడు. దిక్కు, వేగం, కాలం, ఈ మూడింటి లెక్కతోనే దాటాడు. లోకం జేజేలు కొట్టింది. కాని మరుసటి ఏడు ఫిబ్రవరిలో హవానా నుంచి తన దేశానికి తిరిగి వస్తూ, దిక్సూచులు రెండూ చెడిపోయి, చీకట్లో దారి తప్పి బహామా దీవులమీద తేలాడు. అంతటి మొనగాడికి అప్పుడు బుద్ధి వచ్చింది. అమెరికా నౌకాదళంలో దారి లెక్కలు నేర్పే వీమ్స్ అనే అధికారి దగ్గర శిష్యరికం చేశాడు. సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసి తానున్న చోటు పట్టుకోవడం ఆ విద్య.

ఇక్కడ మనవాళ్ళకు విడమరిచి చెప్పడం తేలిక. భూమి తన చుట్టూ తాను ఒకమారు తిరగడానికి అరవై ఘడియలు. అంటే అరవై ఘడియలకు 360 డిగ్రీలు, ఘడియకు ఆరు డిగ్రీలు, పది విఘడియలకు ఒక డిగ్రీ. పంచాంగం గణించే సిద్ధాంతిగారు ఊరు మారితే దేశాంతర సంస్కారం చేయడం దీనికోసమే. మన దేశపు గడియారాలన్నీ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని పట్టి నడుస్తాయి. గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు. ఆ రేఖ మీర్జాపూరు దగ్గర నుంచి దక్షిణంగా వచ్చి, మన జిల్లాలో అన్నవరానికీ తునికీ నడుమ రైలు పట్టాలను దాటి సముద్రంలోకి పోతుంది. మా నాన్నగారు ఉద్యోగం చేసింది ఆ చుట్టుపక్కలే. దేశమంతా ఎవరి గడియారం ప్రకారం లేచి పడుకుంటోందో ఆ గీత పక్కనే కూచుని ఆయన బండ్లకు పచ్చజెండా ఊపారన్నమాట.

సరే, గ్రీనిచ్ కాలం తెలిసి, సూర్యుడు తన నెత్తిమీద ఎక్కడున్నాడో కొలిస్తే, రేఖాంశం తెలుస్తుంది. అయితే గడియారం నాలుగు సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర లెక్క ఒక నాటికల్ మైలు తప్పుతుంది. నిమిషం తప్పితే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. రైలు నిమిషం ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద కాస్త సణుగుడు, అంతే. నడిసముద్రం మీద అరగంటకు సరిపడా పెట్రోలుతో దీవిని వెతుక్కునేవాడికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లంటే ప్రాణం. టైము ఎవరికైనా టైమే. పైలటుకు మాత్రం అది చోటు కూడా. నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇది.

ఆ రోజుల్లో వాచీలలో నిమిషాల ముల్లును సరిచేయవచ్చు గాని, సెకన్ల ముల్లును కదల్చే వీలు లేదు. వీమ్స్ ఒక చిట్కా పన్నాడు. ముల్లును కదల్చలేకపోతే అంకెలనే కదిలిద్దాం! నడుమనున్న చిన్న పళ్ళెం తిరిగేలా చేసి, రేడియోలో టైము చెప్పగానే దానిని తిప్పి ముల్లుకు సరిపెట్టాడు. లిండ్‌బర్గ్ ఆ చిట్కాకు ఇంకొంచెం చేర్చి, గంటలతోపాటు డిగ్రీలను కూడా ముఖంమీద గీయించాడు. చుట్టూ ఉన్న అంచు కూడా తిరుగుతుంది. ఏడాదిలో సూర్యుడు గడియారానికి ముందు వెనకలయ్యే తేడా దానితో సరిచేస్తారు. 1931లో లాంజీన్ వారు దానిని తయారు చేశారు. వాచీ అడ్డం 47.5 మిల్లీమీటర్లు. మోటు చేతొడుగులతో కూడా పట్టుకుని తిప్పడానికి పెద్ద కీ బొడిపె. అప్పడం పిండి ముద్దంత ఉంది, ఇది కట్టుకుని అన్నమెలా తింటారని మా బావగారి సందేహం.

ఆ ఆదివారం అందరం రైన్ జలపాతం చూడబోయాం. మనదేశంనుంచి వెళ్ళినవాళ్ళు చూడకుండా రాని చోటు. అది షాఫ్‌హౌజెన్ ఊరి పక్కనే. ఆ ఊళ్ళో ఐ.డబ్ల్యు.సి. గడియారాల కంపెనీ ఉంది. 1868లో జోన్స్ అనే అమెరికావాడు పెట్టాడు. ఆడవాళ్ళు నీటి తుంపరలో ఫోటోలు తీయించుకుంటూంటే నేను అటు జారుకున్నాను.

పైలట్ వాచీ అనగానే నేటి కుర్రకారుకు కళ్ళకు కట్టే రూపం ఒకటుంది. నల్లని ముఖం, తెల్లని పెద్ద అంకెలు, పన్నెండు ఉండవలసిన చోట ఒక త్రికోణం, దానికిరువైపులా రెండు చుక్కలు. అది రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం చేయించిన గడియారపు ముఖం. అయిదు కంపెనీలు చేశాయి. లాంగె, వెంపె, లాకో, స్టోవా జర్మనీవి. అయిదవది ఈ ఐ.డబ్ల్యు.సి. అడ్డం 55 మిల్లీమీటర్లు. మందపాటి కోటుపైన కట్టుకోవడానికి పొడుగాటి తోలు పట్టీ. నిజానికది పైలటుది కూడా కాదు, పక్కన కూచుని దారి లెక్క కట్టేవాడిది. చీకట్లో చెయ్యి ఎటు తిరిగి ఉన్నా ఏది పైయో తెలియడానికి త్రికోణం. మొదట వచ్చిన ముఖంలో గంటల అంకెలు అంచున ఉండేవి. 1941లో వచ్చిన రెండవ రకంలో నిమిషాలు పైకి, పెద్దవై, గంటలు లోపలి చిన్న వలయంలోకి పోయాయి. మొదటిదానిని ఎ రకమనీ, రెండవదానిని బి రకమనీ అంటారు. ఎగిరేవాడికి ఏ గంటో తెలుసు; తెలియవలసింది నిమిషం. కీ బొడిపె లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. అందరూ ఒక్కసారిగా నొక్కితే దళమంతా ఒకే సెకనులో ఉంటుంది. ఇంజను, రేడియోల అయస్కాంత శక్తి లోపలి సన్నని స్ప్రింగును పట్టి పీడించకుండా చుట్టూ మెత్తని ఇనుప గూడు.

నల్లని ముఖం అందమే. కాని ఆ నిమిషాల ముల్లు చూపిన వేళకు ఏ ఊళ్ళమీద ఏం కురిసిందో తలచుకుంటే, ఇప్పుడు దానిని అచ్చు గుద్దినట్టు చేసి సరదాకు అమ్మడం నాకు అంత రుచించలేదు. ఐ.డబ్ల్యు.సి. వారు అదే యుద్ధంలో బ్రిటిషు సైన్యానికి కూడా వాచీలు చేసి ఇచ్చారు. వర్తకానికి ఇరుపక్షాలూ చుట్టాలే. 1944 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా విమానాలు కొన్ని, మబ్బుల్లో దారి తప్పి, జర్మనీలోని ఊరనుకుని ఈ షాఫ్‌హౌజెన్ మీదే బాంబులు వేశాయి. నలభైమంది చనిపోయారు. గడియారాలు చేసే ఊరు దారి లెక్క తప్పి నాశనమైంది! విమానాన్ని మనుషులను చంపడానికి వాడుతున్నారని కుమిలిపోయిన సాంతోస్ దుమోఁ మాత్రం ఇదంతా చూడలేదు. 1932లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.

యుద్ధం తరువాత ఐ.డబ్ల్యు.సి. వారు బ్రిటిషు వైమానిక దళానికి చేసిన మార్క్ 11 వాచీ నాకు అన్నిటికన్నా నచ్చింది. చిన్నది, నిరాడంబరం, లోపల ఇనుప గూడు. 1949 నుంచి మూడు దశాబ్దాలు కొలువు చేసింది. మా నాన్నగారి వాచీ దీనికి పినతల్లి కొడుకులా ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురు బ్రైట్లింగ్ వారి నావిటైమరు, 1952 నాటిది. అంచునిండా చీమల బారుల్లా అంకెలు. అది లాగరిథమ్ స్కేలు; అంచు తిప్పితే పెట్రోలు ఎంతసేపు వస్తుందో, మైళ్ళు కిలోమీటర్లలో ఎంతో గుణించుకోవచ్చు. చూపు ఆనాలి గాని! ఫ్రెంచి సైన్యం 1950ల మొదట్లో చేయించిన టైప్ 20 వాచీలలో నడుస్తున్న ముల్లును ఒక్క నొక్కుతో సున్నాకు తెచ్చి, ఆగకుండా మళ్ళీ నడిపించే ఏర్పాటుంది. మలుపు మలుపుకూ కొత్తగా లెక్క పెట్టుకునేవాడికి అది వరం. దానిని చేసినవారిలో బ్రెగె వారొకరు. ఆ వంశంలో పుట్టినవాడే విమానాల కంపెనీ కూడా పెట్టాడు. ఇక 1955లో రోలెక్సు వారు పాన్ అమెరికన్ పైలట్ల కోసం చేసిన జి.ఎం.టి. మాస్టరులో రెండు ఊళ్ళ కాలాలు ఒకేసారి తెలుస్తాయి. ఎరుపు నీలం అంచు. ఎరుపు పగటికి, నీలం రాత్రికి.

తిరుగు ప్రయాణానికి ముందు మరొకమారు లా షో ద ఫోఁ వెళ్ళాను. బావగారితో పనిచేసే ఒకాయన తల్లి అక్కడే ఉంటుంది, ఎనభై దాటిన పెద్దావిడ. కాఫీకి పిలిచింది. నాన్నగారి వాచీ అడిగి తీసుకుని, కిటికీ దగ్గరకు పోయి, తిప్పి తిప్పి చూసింది. ఆమె చూసినవి కీ, మరలు కావు, అంకెలమీది పూత. చీకట్లో వెలుగుతుందా అని అడిగింది. ఇప్పుడు వెలగదన్నాను.

చీకట్లో అంకెలు వెలగడానికి ఒకప్పుడు పూసినది రేడియం. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టినది. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్ ఊళ్ళో వాచీ ముఖాలు రాసే ఆడపిల్లలు, కుంచె మొన సన్నబడడానికి పెదవులతో తడిపి, ఆ విషం కొద్దికొద్దిగా మింగి, దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. వారిలో అయిదుగురు 1927లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఈ స్విస్ కొండల్లో చాలామంది ఆడవాళ్ళు ఆ పని ఇంట్లోనే చేసేవారు. 1963 వరకు సాగింది.

"మా అమ్మ ఈ బల్లమీదే రాసేది" అంది పెద్దావిడ. బావగారు తెలుగు చేసి చెబుతున్నాడు. "పగలు వంట, రాత్రి డయల్లు. పని అయ్యాక దీపం ఆర్పి చూసుకునేది, ఏ అంకెకు పూత తక్కువైందో అని. నేను నిద్రలో లేచి వస్తే బల్లంతా మిణుగురులే. అమ్మ వేళ్ళు కూడా." కొన్నేళ్ళ క్రితం ప్రభుత్వంవారు పరికరాలతో వచ్చి గదులు, తోట పరీక్షించి వెళ్ళారట. 2015 నుంచి వారు అలాటి ఇళ్ళు దాదాపు వెయ్యి వెతికి చూశారు. ఎందుకంటే రేడియం శక్తి సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. "మీ ఇంట్లో దొరికిందా?" అని అడిగాను. నేలచెక్కలు కొన్ని తీసి మార్చారని, తలుపు పక్కన కొత్త రంగులో ఉన్న చెక్కలు చూపించింది. బల్ల ఏదని అడగడానికి నోరు రాలేదు. ఆమె మళ్ళీ వాచీ నా చేతికి కట్టింది. పట్టీ కొస లోపలికి దోపి, రెండుసార్లు తట్టింది. మా అమ్మ నాన్నగారికి అలాగే కట్టేది.

నాటి చీకటి ప్రయాణాలు ఇప్పుడు లేవు. ఉపగ్రహాలు విమానం ఎక్కడుందో సెకను సెకనుకూ చెబుతాయి. వాచీల కొట్లలో పైలట్ వాచీలు మాత్రం మునుపటికన్నా ఎక్కువే అమ్ముడవుతున్నాయి. కట్టుకునేవాళ్ళలో నూటికెందరు ఎగురుతారో గాని, వాళ్ళను చూసి నేనిక నవ్వలేను.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. చూసిన ఊళ్ళన్నీ చెప్పాను. నాన్నగారి ప్రశ్నకు జవాబు దొరికిందనీ, అన్నవరం తుని మధ్య గీత సంగతీ చెప్పాను. అంతా విని, "అదంతా సరే, వాచీకి కీ ఇస్తున్నావా?" అంది.

"రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఇస్తున్నానమ్మా" అన్నాను.

"మన ఎనిమిదా, వాళ్ళ ఎనిమిదా?" అంది అమ్మ.